నలభై ఒక్క నోటీసులు

ఆ ఎండాకాలం మా పార్టీ ముప్పై మూడు ఓట్ల తేడాతో గెలిచింది. పన్నెండేళ్ళ తర్వాత వచ్చిన గెలుపు. కార్యకర్తలు నన్ను భుజాల మీద మోశారు. కిందికి దిగాక మాత్రం ఇంటికి వెళ్ళాలనిపించలేదు.

అంతా ఒక కుర్చీతో మొదలైంది.

మా పార్టీ ఏ సభ పెట్టినా వేదిక మీద ఒక కుర్చీ ఖాళీగా ఉంచేవాళ్ళం. దాని పేరు ఎదురు కుర్చీ. పార్టీ మనిషైనా, దారిన పోయేవాడైనా వచ్చి అందులో కూర్చుని ఐదు నిమిషాలు మమ్మల్ని దులిపెయ్యొచ్చు. మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు. నలుగురు ఒకచోట చేరడమే నేరమైన రోజుల్లో జైలుకెళ్ళొచ్చిన వాళ్ళు ముప్పై ఏళ్ళ కిందట మా పార్టీ పెట్టారు. మైకు తమ చేతికి వచ్చాక తామూ అలాగే తయారవుతామేమోనని వాళ్ళకు భయం. అందుకే ఆ కుర్చీ. వార్డు కార్యదర్శిగా దాన్ని మోసుకెళ్ళి వేసే పని నాది.

ఊరి అధ్యక్ష పదవికి మా కొత్త అభ్యర్థి పిల్లల డాక్టరు. మంచి హస్తవాసి, తియ్యటి మాట. ఆయన వచ్చాక ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు ప్రశ్నలు ముందే రాసివ్వాలన్నారు. తర్వాత సభ్యులు మాత్రమే కూర్చోవాలన్నారు. ఆ ఎన్నికల మొదటి సభ రోజున, "ఈసారికి వద్దులే, వేదిక ఇరుకు" అన్నారు. నేను తలూపాను.

సభకు మా వదిన వచ్చింది. మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయి నాలుగేళ్ళు. మా ఇంటి పైవాటాలో ఉంటుంది, వెనక వీధిలో పుస్తకాల బైండింగు షాపు నడుపుతుంది. వేదికను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి నా దగ్గరికి వచ్చింది.

"ఏం కార్యదర్శి గారూ, కుర్చీకి ఒంట్లో బాగాలేదా?"

"చోటు చాల్లేదు వదినా."

"పూలకుండీలు ఏడున్నాయి. వాటికి చాలిందే!"

నేను మైకు తీగ సర్దడానికి వంగాను. డాక్టరు ప్రసంగం మొదలుపెట్టి, గెలిస్తే ఓటర్ల జాబితా శుభ్రం చేస్తామన్నారు. అద్దెకొచ్చి పదేళ్ళు కానివాళ్ళకు ఊరి వ్యవహారాల్లో ఓటెందుకని అడిగారు. చప్పట్లు మోగాయి. ముప్పై ఏళ్ళలో మా సభలో అలాంటి మాట అదే మొదటిసారి. అంత గట్టి చప్పట్లు కూడా అదే మొదటిసారి.

వదిన కిందే లేచి నిలబడింది. చేతిలో మైకు లేదు.

"ఈ పార్టీ నియమావళి మొదటి ప్రతి కుట్టింది నేను. మూడో పేజీలో ఏముందో గుర్తుందా ఎవరికైనా? ఈ ఊళ్ళో పొద్దున్నే లేచి పనికెళ్ళే ప్రతి మనిషికీ ఈ ఊరి మీద మాట ఉంటుందని ఉంది. డాక్టరు గారూ, ఆ పేజీ చించేశారా, లేక పుస్తకమే తెరవలేదా?"

ఎవరో లౌడ్‌స్పీకర్లో పార్టీ పాట పెట్టి శబ్దం పెంచారు. వదిన పెదవులు కాసేపు కదిలాయి. తర్వాత ఆమె నవ్వేసింది. నా పక్కనుంచి వెళ్తూ, "పాట బాగుంది. గొంతే కాస్త అరువు గొంతులా ఉంది" అంది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ చెప్పింది, తను స్వతంత్ర అభ్యర్థిగా నిలబడుతున్నానని.

మా ఆవిడ చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. "అక్కా, ఎండలు చూశావా? ఇంటింటికీ తిరిగితే వడదెబ్బ తగులుతుంది."

"గొడుగేసుకుంటాలే."

మా అమ్మాయికి ఆ ఏడాదే ఓటు వచ్చింది. ఎగిరి గంతేసింది. "పెద్దమ్మా, నీ నామినేషన్ మీద ప్రతిపాదిస్తూ సంతకం నేను పెడతా. నా మొదటి సంతకం అదే!"

"నా ఎదురుగా నిలబడతావా వదినా?" అన్నాను.

"నీ ఎదురుగా ఎందుకు అబ్బాయ్? డాక్టరు ఎదురుగా. నువ్వు మధ్యలోంచి కాస్త పక్కకి జరిగితే చాలు."

నేను పక్కకు జరగలేకపోయాను. పన్నెండేళ్ళు ఓడిపోయిన మనిషికి గెలుపు ఎంత ముద్దుగా కనిపిస్తుందో ఓడినవాళ్ళకే తెలుస్తుంది. మూడు ఎన్నికల్లో నా కళ్ళద్దాల షాపు మూసి తిరిగాను. మూడుసార్లూ లెక్కింపు కేంద్రం వెనక గోడ దగ్గర నిలబడి అవతలివాళ్ళ టపాకాయలు విన్నాను. కిందటిసారి రెండొందల ఓట్లు కూడా తేడా లేదు. వదిన నిలబడితే వెనక వీధి ఓట్లు మాకు రావని నాకు తెలుసు. డాక్టరుకూ తెలుసు.

రెండు రోజులకు ఆయన తన ఆసుపత్రికి రమ్మన్నారు. గోడల మీద ఏనుగులు, కుందేళ్ళు. బల్ల మీద గిలక్కాయలు. ఒక పసివాడి గొంతులోకి టార్చి వేసి చూస్తూనే మాట్లాడారు.

"వెనక వీధిలో నలభై మంది అద్దెవాళ్ళ పేర్ల మీద అభ్యంతరాలు వేయించాం. ఆ అంటావా నాన్నా, ఇంకోసారి, ఆ... మీ వదినగారి పేరు మీద కూడా ఒకటి పడింది. వారంలో నాలుగు రోజులు షాపులోనే పడుకుంటారట కదా. ఇంట్లో నివాసం లేరని."

"అది పని ఎక్కువున్నప్పుడు మాత్రమే సార్. ఆవిడ ఉండేది మా ఇంట్లోనే."

"అయితే ఇబ్బందేముంది? నోటీసు అందుతుంది, వారంలోగా వెళ్ళి చెప్పుకుంటారు. పేరు ఉంటుంది." టార్చి ఆపి నా వైపు తిరిగారు. "నోటీసులన్నీ నీ చేతికే వస్తాయట కదా?"

"అవును సార్."

"నువ్వు మరీ శ్రమపడుతున్నావు. ఈ ఎండల్లో ఇంటింటికీ తిరిగి పంచకపోతే ఏమైందయ్యా?"

అంతే. ఉంచమనలేదు, చింపమనలేదు. గెలిచాక తను నియమించే మా వార్డు సభ్యుడి సీటు నాదేనన్న మాట కూడా అదే గొంతుతో, చీటీ మీద మందు రాస్తూ అన్నారు. "విలువలెక్కడికీ పోవు. ముందు గెలుద్దాం. గెలిచాక అన్నీ మళ్ళీ పెట్టుకుందాం, కుర్చీతో సహా."

నోటీసులు నా చేతికి రావడానికి కారణం ఉంది. వెనక వీధివాళ్ళు తెల్లవారకముందే గోదాముల్లో పార్సిళ్ళు కట్టే పనికి వెళ్ళిపోతారు. పోస్టుమాన్ వచ్చేసరికి అన్ని తలుపులకూ తాళాలే. కాగితం అందక మనుషులు ఓటు పోగొట్టుకోకూడదని, మా పాతవాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. వార్డు కార్యదర్శికి ఇంటింటి నుంచీ అధికార పత్రం. అందరి కాగితాలూ సంతకం పెట్టి తీసుకోవాలి, అదే సాయంత్రం ఎవరివి వాళ్ళకు అందించాలి. మా పార్టీ తప్ప ఇంకెవరూ చేయని పని. నాకు ముందు అన్నయ్య చేశాడు. ఒక్క కాగితం పోలేదు.

బుధవారం మధ్యాహ్నం పోస్టుమాన్ షాపుకు వచ్చాడు. నేను ఒక కళ్ళద్దం అంచు అరగదీస్తున్నాను.

"సార్, ఈసారి కట్ట బరువుగానే ఉంది. నలభై ఒకటి. లెక్క పెట్టుకోండి."

"నువ్వు పెట్టావుగా."

"మీ ఇంటిది కూడా ఉందండోయ్. పైవాటా అమ్మగారిది."

నలభై ఒక్క సంతకాలు పెట్టాను. పోస్టుమాన్ మంచినీళ్ళు తాగి, ఎండను నాలుగు తిట్లు తిట్టి వెళ్ళిపోయాడు. జనం బాగుచేయించుకుని మళ్ళీ తీసుకెళ్ళని కళ్ళద్దాలు పెట్టే సొరుగొకటి ఉంది నా దగ్గర. కట్టను అందులో పెట్టి మూశాను. అద్దం అరగదీయడం పూర్తిచేశాను. అంచు ఎక్కడా వంకర పోలేదు.

శనివారం వెనక వీధి నుంచి ఒకామె అద్దాలకు వచ్చింది. పార్సిళ్ళ మీద చిరునామాలు కనబడటం లేదని చెప్పి కొత్త అద్దాలు చేయించుకుంది. పెట్టుకుని గోడమీది అక్షరాలన్నీ చివరి వరస దాకా చదివి పిల్లలా నవ్వింది.

"సార్, నోటీసులొస్తాయని బైండింగు షాపు అమ్మగారు చెప్తున్నారు. మాకేమైనా వచ్చాయా?"

"రాలేదమ్మా. వస్తే తెచ్చివ్వనా?"

"అయ్యో, మీరుండగా మాకేం భయం సార్" అంది.

ఏడు రోజులు గడిచిపోయాయి.

నామినేషన్ల పరిశీలన ఒక పాఠశాల గదిలో జరిగింది. చిన్న పిల్లల బెంచీలు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా అందరం వాటి మీదే కూర్చున్నాం. అధికారి వదిన కాగితాలు తిప్పాడు. జాబితా చూశాడు. మళ్ళీ కాగితాలు చూశాడు.

"అమ్మా, మీ పేరు జాబితాలో లేదు. కిందటి గురువారం తొలగించారు. ఓటరు కానివాళ్ళు పోటీ చేయడానికి వీల్లేదు."

"నాకు నోటీసు రాలేదే!"

"వచ్చింది. ఇదిగో రసీదు." కాగితం ఆమె వైపు తిప్పాడు. "ఈ సంతకం ఎవరిదో తెలుసా మీకు?"

వదిన చూసింది. తెలియదు అనొచ్చు. దొంగ సంతకం అనొచ్చు. అంటే తొలగింపు అక్కడికక్కడే ఆగిపోయేది. విచారణలో నేను ఇరుక్కునేవాణ్ణి.

"మా మరిదిది" అంది.

అధికారి నా వైపు చూశాడు. "మీరేనా? అందుకున్నారు, సరే. ఆవిడకి ఇచ్చారా?"

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. డాక్టరు తన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆ కళ్ళజోడు నేను చేసిందే. వదిన పక్కన మా అమ్మాయి, కొత్త సంతకం పెట్టిన కాగితం కాపీ చేత్తో పట్టుకుని ఉంది.

"ఇచ్చానండి" అన్నాను.

అధికారి రాసుకున్నాడు.

మా అమ్మాయి వదిన భుజం మీద చెయ్యి వేసింది. ఏడుపు ఆపుకుంటూ, "పెద్దమ్మా, షాపులో ఆ కాగితాల గుట్టల్లో ఎక్కడ పెట్టేశావో ఏమో! నువ్వు అన్నీ అంతే, పెట్టి మర్చిపోతావు" అంది.

వదిన నా వైపు చూడలేదు. మా అమ్మాయి చెయ్యి నిమిరి, "అవునే. అలాగే అయ్యుంటుంది" అంది.

అప్పుడు నేను లేచి నిజం చెప్పాల్సింది. ఆ బెంచీ మీంచి లేవడానికి నాకు ఎవరో చెయ్యి అందించాల్సి వచ్చింది. అందించింది డాక్టరు.

మంగళవారం వదిన నా షాపుకు వచ్చింది. కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చుని కొంగుతో విసురుకుంది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. తిట్టినా బాగుండేది.

"ఎన్నున్నాయి?" అంది.

"ఏవి?"

"నాటకాలొద్దు అబ్బాయ్. ఎండ మండిపోతోంది, నాకు ఓపిక లేదు."

సొరుగు తెరిచి కట్ట తీసి బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కటీ తిప్పి పేర్లు చదివింది. తన పేరు వచ్చినప్పుడు ఆగలేదు. అన్నీ అయ్యాక అంచులు సరిచేసి, దారం చుట్టింది. చేతి అలవాటు.

"నా పోటీ సంగతి వదిలెయ్. అది అయిపోయింది, ఇక తిరిగిరాదు. కానీ నోటీసు అందలేదని రుజువైతే పేర్లు మళ్ళీ చేరుస్తారట. లాయర్ని కనుక్కున్నాను. శుక్రవారం సాయంత్రం ఐదింటి దాకా గడువు."

"అయితే నువ్వు ఫిర్యాదు..."

"ఇచ్చాను. చెల్లదన్నారు. కట్ట మొత్తం అందుకున్నట్టు నీ రసీదు, ఇచ్చానని అధికారి ముందు నీ మాట. నీ మాటని నువ్వు తప్ప ఎవరూ వెనక్కి తీసుకోలేరు." కట్ట నా వైపు జరిపింది. "నాలుగు ముక్కలు రాసివ్వు. నా దగ్గరే ఉండిపోయాయి, అందించలేదు అని. కావాలని అని కూడా రాయక్కర్లేదు."

"కేసు పెడతారు వదినా."

"పెట్టొచ్చు. జరిమానాతో పోతుందంటున్నాడు లాయరు. పదవి పోతుంది. ఆ సీటూ రాదు."

"డాక్టరు ఓడిపోతారు."

"ఓడితే ఏం? ఇన్నేళ్ళు ఓడాం కదా. అప్పుడు మనకి ఏం తక్కువైంది, చెప్పు?" ఆ 'మన' అన్న మాట దగ్గర ఆమె దారం ముడి ఇంకోసారి బిగించింది. "నిన్ను లాక్కెళ్ళను. మీ ఆవిడకి చెప్పను, పిల్లకి అంతకన్నా చెప్పను. నువ్వే వెళ్ళాలి. నలభై మంది అబ్బాయ్. నీ మీద నమ్మకంతో తలుపులకి తాళాలేసుకుని పనికిపోయే మనుషులు."

గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "కట్ట నీ దగ్గరే ఉండనీ. ఉత్తరంతో పాటు ఇవ్వాలిగా" అంది.

నేను రాశాను. బుధవారం రాసి చింపాను. గురువారం రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రెండుసార్లూ మొదటి మాట దగ్గరే చాలాసేపు ఆగాను.

శుక్రవారం నాలుగింటికి షాపు కట్టేశాను. ఎన్నికల కార్యాలయానికి నడిస్తే ఇరవై నిమిషాలు. బస్సెక్కితే ఐదు. బస్సు వచ్చింది. జనం ఉన్నారనుకున్నాను. ఎక్కలేనంత జనం లేరు.

చేతిసంచిలో కట్ట, జేబులో ఉత్తరం. నీడ ఉన్న వైపు నుంచి నడిచాను. అది చుట్టు దారి. సగం దూరంలో టీ తాగాను. వేడిగా ఉందని ఊదుకుంటూ తాగాను. పక్కన ఒక పెద్దాయన, నా పాత కస్టమరు, నన్ను గుర్తుపట్టాడు.

"సమయానికి దొరికారండీ! చూడండి, ఈ కళ్ళజోడు కాడ ఊగుతోంది. ముక్కు మీద నిలవడం లేదు."

చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. మర బిగించాను. అర నిమిషం పని. తర్వాత రెండో వైపు మర కూడా విప్పి మళ్ళీ బిగించాను. అది ఊగడం లేదు. అద్దాలు తుడిచాను. ఆయన మొహానికి పెట్టి, సమానంగా ఉన్నాయో లేదో దూరం నుంచి చూశాను. డబ్బులిస్తానంటే వద్దన్నాను. ఆయన దీవించాడు.

కార్యాలయం గేటు దగ్గరికి వచ్చేసరికి నా గడియారంలో ఐదు దాటి నాలుగు నిమిషాలు.

గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ క్షణంలో నేను పడ్డ సంతోషాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. వచ్చాను కదా అనుకున్నాను. నా ప్రయత్నం నేను చేశాను. ఆలస్యమైంది, ఏం చేస్తాం. అయినా పనికట్టుకుని లోపలికి వెళ్ళాను, మూసిన కిటికీ కళ్ళారా చూసుకుంటే రేపు ఎవరు అడిగినా ప్రమాణం చేసి చెప్పొచ్చని.

కిటికీ తెరిచే ఉంది.

లోపల గుమాస్తా, నడివయసావిడ, ఫైళ్ళు సర్దుకుంటోంది. నన్ను చూసి చెయ్యి చాపింది.

"రండి రండి. ఆఖరి రోజని ఐదున్నర దాకా తీసుకోమన్నారు. ఏదీ, కాగితం ఇలా ఇవ్వండి."

నా చెయ్యి జేబు దాకా వెళ్ళింది. ఉత్తరం చెమటకు మెత్తబడి ఉంది. ఆవిడ చాపిన చేతికీ నా జేబుకీ మధ్య జానెడు దూరం.

"ఏం పని మీద వచ్చారండీ?" అంది మళ్ళీ.

"పార్టీ తరఫున వచ్చాను. ఓటర్ల జాబితా కాపీ ఒకటి కావాలి" అన్నాను.

"అంతేనా? దానికింత పరుగెందుకండీ, రేపైనా ఇచ్చేవాళ్ళం" అని నవ్వి, కొత్త జాబితా తీసి నా ముందు పెట్టింది. అందుకున్నట్టు సంతకం పెట్టాను.

ఇంటికి వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. వదిన పైమెట్టు మీద కూర్చుని ఉంది. ఎప్పటి నుంచి కూర్చుందో. నా చేతిలోని సంచి చూసింది. కట్ట అందులోనే ఉందని దాని బరువే చెబుతోంది. ఆమె లేచి నిలబడింది.

"వెళ్ళావా?"

"వెళ్ళాను వదినా." జేబులోంచి ఉత్తరం తీసి చూపించాను. "నేను చేరేసరికి ఐదు దాటి నాలుగు నిమిషాలైంది. మూసేశారు."

ఉత్తరం తీసుకుని చదివింది. నాలుగు ముక్కలే రాయమంది కదా, నేను ఒక పేజీ రాశాను. కావాలనే ఉంచేశానని రాశాను. అందులో ప్రతి అక్షరం నిజం. చదువుతుంటే ఆమె కళ్ళు నిండాయి. పరిశీలన రోజున కూడా ఆమె కంట నీరు నేను చూడలేదు.

"ఇంత రాశావా!" అంది. మెట్టు దిగి వచ్చి, అన్నయ్య పోయిన రోజున పట్టుకున్నట్టు నా రెండు చేతులూ పట్టుకుంది. "పోనీలే అబ్బాయ్. ఆలస్యమైతే అయింది. వెళ్ళావు కదా. నాకది చాలు."

ఇప్పుడు నేను వార్డు సభ్యుణ్ణి. వదిన మళ్ళీ మాతోనే భోంచేస్తోంది. ఎప్పుడైనా ఇంటికొచ్చినవాళ్ళు మా పార్టీని తిట్టిపోస్తుంటే, మా ఆవిడ ముందూ, మా అమ్మాయి ముందూ ఆమె ఒక్కటే మాట అంటుంది. "పార్టీ సంగతి నాకు తెలీదు కానీ, మా మరిది మాత్రం మంచివాడు. మంచి పనికి వెళ్తే వీడికి నాలుగు నిమిషాలు ఆలస్యమైంది, అంతే."

నేను తల వంచుకుని అన్నం కలుపుకుంటాను. మొహమాటం అనుకుంటారు అందరూ.